నిద్ర పట్టట్లేదని మాత్రమే చెప్పకు

చిరంజీవి శ్రీకాంత్‌కు, ఆశీస్సులు.

కౌన్సెలింగ్‌కు పోదామంటే ఎవరి దగ్గరకు పోవాలో తెలియట్లేదన్నావు. ముందు బోర్డు మీది డిగ్రీ చదవడం నేర్చుకో బిడ్డా. ఎం.డి. సైకియాట్రీ గానీ డి.పి.ఎం. గానీ ఉంటే సైకియాట్రిస్టు, మందులు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతోనే చికిత్స చేస్తారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు (సి.ఆర్.ఆర్. నంబరంటారు) అడిగి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకో. అడిగినందుకే చిన్నబుచ్చుకునే మనిషి దగ్గర రేపు నువ్వు మనసేం విప్పుతావు? కౌన్సెలర్ అన్న పేరు నాలుగు రోజుల కోర్సు చేసినవాళ్లూ పెట్టుకుంటారు. వాళ్లలో మంచివాళ్లు లేరని కాదు, ఏం చదివారో అడగాలి. గోడల మీద "రహస్య సమస్యలు, గ్యారంటీ వైద్యం" అని రాసుకున్నవాళ్ల గడప తొక్కకు.

తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోవడం, తిండి సయించకపోవడం, పని చేతకాకపోవడం రెండు వారాలు దాటితే ముందు సైకియాట్రిస్టును చూడు. థైరాయిడ్, బి12 పరీక్షలు రాస్తే తప్పించుకోకు, అవి తేడాగా ఉన్నా మనిషి ఇలాగే నీరసిస్తాడు. ఇంట్లో తగువులు, ఆఫీసు ఒత్తిడి లాంటివైతే సైకాలజిస్టుతో మొదలుపెట్టొచ్చు.

ఫోన్‌లోనే ఫీజు ఎంత, సెషన్ ఎంతసేపు (మామూలుగా 45 నుంచి 50 నిమిషాలు), సాయంత్రం దొరుకుతారా, తెలుగులో మాట్లాడతారా అని అడుగు. మీటింగుల్లో ఇంగ్లీషు బాగానే నడుస్తుంది. కానీ నీకు కోపం ఏ భాషలో వస్తుందో ఆ భాష తెలిసిన మనిషి కావాలి. మీ కంపెనీ ఉద్యోగులకు ఉచిత సెషన్లు ఇస్తుందేమో హెచ్.ఆర్. పేజీలో చూడు.

మన మగవాళ్ల దగ్గర పని చెడేది గది లోపలికి వెళ్లాకే. "నిద్ర పట్టట్లేదు, మెడ నొప్పి" అని చెప్పి, నిద్రమాత్ర రాయించుకుని వచ్చేస్తారు. అసలు సంగతి గొంతులోనే ఉండిపోతుంది. అందుకని ముందురోజే కాగితం మీద రాసుకో: ఎప్పుడు మొదలైంది, ఎన్ని గంటలు నిద్ర, ఎవరి మీద చెయ్యి లేచింది, లోన్ యాప్‌లో అప్పెంత, పడకగదిలో ఇబ్బందేంటి, చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా. తాగుడు సంగతి లెక్కతో రాయి, క్వార్టరా, హాఫా, వారానికి ఎన్ని రోజులు. రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. డాక్టరుకు చెప్పకుండా ఇంట్లో ఆ ప్రయోగం చెయ్యొద్దు.

డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొన్నిటివల్ల లైంగిక కోరిక తగ్గుతుంది. సిగ్గుపడి చాలామంది చెప్పకుండా మానేస్తారు, దాంతో తల తిరగడం, చిరాకు, పాత బాధ మళ్లీ మొదలు. చెబితే మోతాదో మాత్రో మారుస్తారు.

నాలుగు సెషన్ల తర్వాత బేరీజు వేసుకో. ఇద్దరూ కలిసి అనుకున్న గమ్యం ఉందా? "మగాడివి, ధైర్యంగా ఉండు" అని ఉపన్యాసమిస్తే, తన గొప్పలే చెప్పుకుంటే, ఇంకొకరిని వెతుక్కో. ఒకరు కుదరలేదంటే చికిత్సే దండగ అని కాదు. ఆఫీసుకు తెలుస్తుందని భయపడకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం అవసరమైనంత మేరకు చెప్పే వీలుంది.

డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆ పేరుతోనే మెట్రో స్టేషనూ ఉంది. ఉస్మానియా, గాంధీల్లోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. "వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి" అన్న మన ఊరి వెటకారం విని ఆ గేటు ముందు వెనక్కి తిరగకు. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకో. అర్ధరాత్రి మనసు మరీ బరువెక్కితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

తోడు కావాలంటే చెప్పు, వస్తాను. బయట బెంచీ మీద కూర్చుంటా. లోపలికి మాత్రం ఆ కాగితం పట్టుకుని నువ్వొక్కడివే వెళ్లు, నా ముందైతే సగం మింగేస్తావు.

నీ పెద్దనాయన