రక్తపరీక్షలో హెలికోబాక్టర్ పైలోరి అని వచ్చింది, మందులు వాడాలా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. కొన్ని నెలలుగా తరచూ బొడ్డు చుట్టూ నొప్పి అంటున్నాడు. కొంచెం తినగానే కడుపు నిండిపోయిందంటాడు, తేన్పులు వస్తుంటాయి. రక్తపరీక్షలో హెలికోబాక్టర్ పైలోరి ఉన్నట్టు వచ్చింది. వెంటనే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాలా?
– ఒక తల్లి

జవాబు: ఆ రక్తపరీక్ష ఒక్కదాన్నే ఆధారం చేసుకుని మందులు మొదలుపెట్టవద్దు. అది వెతికేది హెలికోబాక్టర్ పైలోరి అనే జీర్ణాశయపు బ్యాక్టీరియాను కాదు, దానికి విరుగుడుగా శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. ఇన్ఫెక్షన్ పోయిన తర్వాత కూడా అవి చాలాకాలం రక్తంలో ఉంటాయి కనుక, పిల్లల్లో ఈ పరీక్షను నమ్మి చికిత్స చేయకూడదు.

1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బ్యాక్టీరియాను గుర్తించి, జీర్ణాశయపు పుండ్లతో దానికున్న సంబంధాన్ని చూపినప్పటి నుంచి దాని పేరు వింటేనే భయం కలుగుతోంది. అయితే ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, తరచుగా ఇంట్లోవారి నుంచే సోకుతుంది. సోకిన పిల్లల్లో చాలామందికి ఏ బాధా ఉండదు, పుండ్లు పడటం పెద్దవారిలో కంటే అరుదు. అందువల్ల బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం. మీరు రాసినలాంటి నొప్పి చాలామంది పిల్లల్లో పేగుల నరాల సున్నితత్వం వల్ల వస్తుంది. పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా ఆ నొప్పి నిజమైనదే. బాబు నటిస్తున్నాడని దయచేసి ఎవరినీ అననివ్వకండి.

రక్తపు వాంతి, నల్లటి మలం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బరువు తగ్గడం, మాటిమాటికీ వాంతులు, మింగలేకపోవడం, నిద్రలోంచి లేపే నొప్పి, ఐరన్ ఇచ్చినా తగ్గని రక్తహీనత ఉంటే పిల్లల జీర్ణకోశ నిపుణులకు చూపించండి. అవసరమనుకుంటే వారు ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి లోపల చూడటం) చేసి, జీర్ణాశయపు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి, వీలైతే ఏ మందుకు ఈ బ్యాక్టీరియా లొంగుతుందో కూడా పరీక్షిస్తారు.

చికిత్స అవసరమైతే సాధారణంగా యాసిడ్ తగ్గించే మందుతో పాటు రెండు యాంటీబయాటిక్స్‌ను 14 రోజులు ఇస్తారు. మధ్యలో మానేస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది. నొప్పి తగ్గింది కదా అని ఊరుకోకుండా, కోర్సు పూర్తయిన కనీసం నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్షతో గానీ మల పరీక్షతో గానీ అది పోయిందో లేదో నిర్ధారించుకోవాలి; యాసిడ్ మందులు వాడుతుంటే, డాక్టరు సలహాతో వాటిని పరీక్షకు రెండు వారాల ముందే ఆపాలి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు.

ఈలోగా నొప్పి ఎప్పుడు వస్తోందో, ఎంతసేపు ఉంటోందో రాసిపెట్టుకోండి. డాక్టరును అడగకుండా ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వకండి.