‘రష్యా చేతిలోంచి చైనా చేతిలోకి’ అన్న వాక్యమే మీ మార్కులు తినేసింది
మధ్య ఆసియా మీద మీరు రాసిన గ్రూప్-1 ప్రాక్టీస్ జవాబుకి ‘ఏకపక్షంగా ఉంది’ అని మార్కులు కోసేశారన్నారు కదా, చదివాను. చిక్కంతా ‘ఆ దేశాలు రష్యా చేతిలోంచి చైనా చేతిలోకి వెళ్లిపోయాయి’ అన్న మొదటి వాక్యంలోనే ఉంది.

అది తీసేసి మ్యాప్‌తో మొదలుపెట్టండి. ఉజ్బెకిస్తాన్ సరుకు సముద్రం చేరాలంటే కనీసం రెండు దేశాలు దాటాలి. దారి ఎవరిదైతే బేరం వాళ్లదే. కజకిస్తాన్ ఎగుమతి చేసే చమురులో దాదాపు 80 శాతం ఇప్పటికీ రష్యాలోని నోవోరోసియస్క్ దగ్గరి రేవు నుంచే పోతుంది. తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్ మాత్రం 2009లో మొదలైన పైప్‌లైన్‌లో చైనాకి వెళ్తుంది. అంటే చెయ్యి మారలేదండీ, ఒక్కో సరుకు ఒక్కో చేతిలో ఉంది.

రైలు పట్టాల సంగతి తప్పకుండా రాయండి, చాలామంది వదిలేస్తారు. సోవియట్ కాలం నాటి పట్టాల వెడల్పు 1520 మిల్లీమీటర్లు, చైనాది 1435. అందుకే చైనా-కజక్ సరిహద్దులోని ఖోర్గోస్ దగ్గర కంటైనర్లని క్రేన్లతో ఎత్తి ఇంకో రైలు మీద పెడతారు. మాస్కో వేసిన పట్టాల మీద బీజింగ్ సరుకు నడుస్తోందన్నమాట!

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యాని తప్పించి, కాస్పియన్ సముద్రం దాటి అజర్‌బైజాన్, జార్జియాల మీదుగా వెళ్లే దారికి గిరాకీ పెరిగింది. మధ్య ఆసియా దేశాలు కూడా తమ బేరం తాము ఆడుతున్నాయనడానికి అదే ఉదాహరణ.

మధ్య ఆసియాకి మన దారిగా చెప్పే ఇరాన్‌లోని చాబహార్ రేవు మీద సగం పేజీ ఎందుకు? 2024 మేలో ఇరాన్‌తో మనం చేసుకున్న పదేళ్ల ఒప్పందం గురించి రెండు వాక్యాలు చాలు. తిరగరాసి పెట్టండి, చూస్తాను.