లెట్యూస్ పూతకొచ్చింది, గింజ పట్టుకోవచ్చా?

మిద్దె మీది లెట్యూస్ కాడ సాగి పూతకొచ్చిందని, ఆకు చేదెక్కిందని, దాని గింజలు మళ్లీ పనికొస్తాయా అని అడిగారు. పక్క కుండీలో పొద్దుతిరుగుడు ఉంది, రెండూ కలిసిపోతాయేమో అన్న టెన్షన్ కూడా రాశారు. పనికొస్తాయి, దయచేసి మొక్కని పీకకండి. రెండూ చామంతి కుటుంబానివే అయినా ఒకదానితో ఒకటి కలవవు. లెట్యూస్ పువ్వు తన పుప్పొడితో తానే గింజ కడుతుంది, అందుకే తల్లి మొక్కలాంటి మొక్కే వస్తుంది.

మాది నెల్లూరు జిల్లా కావలి. మన మార్చి ఎండలు ఆకుని చెడగొడతాయి గానీ గింజకి అంతకంటే మంచి రోజులు ఉండవు. వాన తగిలితే పూత బూజు పడుతుంది, ఆ భయం మనకి అప్పుడు ఉండదు. చిన్న పసుపు పువ్వులు పొద్దున కాసేపు విచ్చుకుని ముడుచుకుంటాయి. రెండు మూడు వారాలకి మొగ్గ కొసన తెల్లటి దూది కనబడుతుంది. అప్పుడు కాడని కాగితం సంచిలోకి వంచి దులపండి. అన్నీ ఒకేసారి పండవు, రెండు రోజులకోసారి దులపాల్సిందే. ఒక్కరోజు ఆలస్యం చేస్తే గాలికి ఎగిరిపోతాయి. తర్వాత చేటలో వేసి మెల్లగా ఊదితే దూది పోయి గింజ మిగులుతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది అందరికంటే ముందు పూసిన మొక్క గింజనే ఆత్రంగా దాచాను. మరుసటి ఏడాది వాటి మొక్కలు నాలుగు ఆకులు కోసేలోపే పూతకొచ్చాయి. తొందరగా పూసే గుణాన్నే నేను ఏరుకున్నానన్నమాట. అప్పటినుంచి ఎండని ఓర్చుకుని చివరగా పూసిన మొక్కకే గింజ వదులుతున్నాను.

నీడలో వారం ఆరబెట్టి, గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. నవంబర్ ముసురు తగ్గాక చల్లండి, మట్టి పైన పలుచగా కప్పితే చాలు, దీనికి వెలుతురు కావాలి. వేడి 30 డిగ్రీలు దాటితే గింజ నిద్రపోతుంది. అలాంటప్పుడు తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి చల్లితే మొలుస్తుంది.

పొద్దుతిరుగుడు సంగతి వేరు. దానికి తేనెటీగ కావాలి, ఒంటరి మొక్కకి తాలు ఎక్కువ. ప్యాకెట్ విత్తనం హైబ్రిడ్ (రెండు రకాలు కలిపి చేసింది) అయితే, మొక్కకి కాసిన గింజ దాచినా అదే రకం రాదు, వేయించుకుని తినేయండి.

మీ లెట్యూస్‌లో ఇంకా పూయని మొక్క ఏదైనా ఉంటే ఇవాళే దానికి దారం కట్టి గుర్తు పెట్టండి.