మా పాప వంశవృక్షంలో నా వైపు ఖాళీగా వదిలేసింది

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్ చేయడానికి టెక్సస్ వచ్చి, ఆఫీసులో పరిచయమైన మెక్సికో అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. వాళ్లది పుయెబ్లా. పాపకి తొమ్మిదేళ్లు. ఈ వేసవిలో అక్కడికి వెళ్లినప్పుడు అత్తగారు మా బావగారి కూతుర్ని 'గ్వేరిత' అంటే తెల్లపిల్ల అనీ, మా పాపని 'ప్రియెతిత' అంటే నల్లపిల్ల అనీ పిలిచారు. తమ పూర్వీకులు స్పెయిన్ నుంచి వచ్చారని ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెబుతారు. మామగారి తల్లి మెక్సికో స్థానికుల భాష అయిన నహువాతల్ మాట్లాడేవారట. ఆమె ఫొటో మాత్రం బీరువాలో బట్టల కింద ఉంది. తిరిగొచ్చాక స్కూల్లో వంశవృక్షం వేయమంటే పాప ఒక వైపు 'స్పెయిన్' అని రాసి, నా వైపు ఖాళీగా వదిలేసింది. దొంగచాటుగా నా ఫౌండేషన్ రాసుకుంటోంది. మావారేమో 'అమ్మ ముద్దుగా అంటుంది, పట్టించుకోకు' అంటారు. వీడియో కాల్‌లో మా అమ్మ కూడా 'ఎండలో తిరగకే, నల్లబడతావు' అంటూనే ఉంటుంది. క్రిస్మస్‌కి పుయెబ్లా వెళ్లడం మానేయనా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టింది ఆ ఖాళీ కొమ్మ. రంగులో ఏముంది అని పాపకి చెప్పకండి. ఏదో ఉందని తను కళ్లారా చూసొచ్చింది, మీరు కాదంటే నమ్మదు సరికదా, ఇకమీదట మీకు చెప్పడం మానేస్తుంది. 'నానమ్మ అలా పిలిచినప్పుడు నీకేమనిపించింది?' అని అడిగి ఊరుకోండి. తను ఎంతసేపు చెప్పినా వినండి. వంశవృక్షాన్ని మళ్లీ వేయమని బలవంతపెట్టొద్దు.

అత్తగారి మాట తప్పే, అందులో అనుమానం లేదు. కానీ ఆ మాట ఆవిడ కల్పించినది కాదు. పుయెబ్లా 1531లో స్పానిష్ వాళ్ల కోసమే కట్టిన ఊరు. కట్టడానికి చెమటోడ్చిన స్థానికులు ఊరి అంచుల్లోని వేరే పేటల్లో ఉండాలి. చర్చిలో బాప్తిస్మాలు రాసే పుస్తకాలు కూడా వేరు వేరు, స్పానిష్ వాళ్లకి ఒకటి, మిగతావాళ్లకి మరొకటి. ఇండియన్లుగా (అక్కడి స్థానికులని అలా అనేవారు) నమోదైనవాళ్లు స్పెయిన్ రాజుకి పన్ను కట్టాలి, స్పానిష్ తండ్రికి స్థానిక తల్లికి పుట్టిన మెస్తీసోలకి ఆ పన్ను లేదు. ఏ పుస్తకంలో పేరు పడిందన్న దాని మీద బతుకు ఆధారపడిన చోట, బిడ్డ ఒక మెట్టు పైకి రాయబడాలని ఏ తల్లి కోరుకోదు? ఈ మెట్లని 18వ శతాబ్దంలో వరుస బొమ్మలుగా కూడా వేశారు. చిత్రకారుడు మిగెల్ కబ్రేరా 1763లో వేసిన వరుస పేరున్నది. మెస్తీసో స్పానిష్ మనిషిని చేసుకుంటే పిల్లలు కాస్తీసోలు, కాస్తీసో మళ్లీ స్పానిష్ మనిషిని చేసుకుంటే పిల్లలు స్పానిష్ వాళ్లే అని ఆ లెక్క. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతానానికి మాత్రం అలా పైకెక్కే దారి చూపలేదు. మీ అత్తగారింట్లో ఎవరైనా పెళ్లి సంబంధాల దగ్గర 'మెహోరార్ లా రాసా', జాతి మెరుగుపడాలి అంటే, దాని మూలం ఇక్కడుంది.

1821లో స్వాతంత్ర్యం వచ్చింది, ఆ వర్గాలు చట్టంలోంచి పోయాయి. ఓహాకా కొండల్లోని గెలతావోలో పుట్టిన, సపోతెక్ అనే స్థానిక జాతి మనిషి బెనీతో హువారెస్ దేశాధ్యక్షుడయ్యాడు. 1920ల్లో విద్యామంత్రిగా చేసిన హోసే వాస్కొన్సెలోస్ మెస్తీసోలే రేపటి జాతి అని గర్వంగా రాశాడు. ఆ గర్వం చాలామందికి తలెత్తుకునే ధైర్యాన్నిచ్చిన మాట నిజం. కానీ మెస్తీసో కావాలంటే స్థానిక భాషని ఇంటి బయటే వదిలేసి రావాల్సి వచ్చింది. బళ్లలో స్పానిష్ ఒక్కటే, సొంత భాష మాట్లాడిన పిల్లలకి దెబ్బలు, అవమానాలు. మీ మామగారి తల్లిది ఆ తరమే అయ్యుండాలి. ఆ ఫొటో బట్టల కిందికి ఎలా చేరిందో మీకిప్పుడు అర్థమవుతుంది.

ఇదంతా అత్తగారిని క్షమించేయమని చెప్పడానికి కాదు. ఆవిడతో పూర్వీకుల గురించి వాదనకి దిగితే గెలవలేరని చెబుతున్నాను. 'మీలోనూ ఇండియన్లున్నారు' అని నిరూపించడానికి డీఎన్‌ఏ టెస్టు చేయించాలనిపిస్తుంది. వద్దు. ఎవరిలో ఎంత శాతం ఏముందన్నది మళ్లీ ఆ పాత లెక్కే కదా!

మొదటి ఫోన్ గుంటూరుకి చేయండి. మీ అమ్మగారు అనేదీ అత్తగారు అనేదీ పాప చెవిలో ఒకేలా పడుతున్నాయి. చామనఛాయ పిల్లకి సంబంధం దొరకదని బెంగపెట్టుకునే ఇళ్లలోంచే మనమంతా వచ్చాం. 'అమ్మా, ఎండ జాగ్రత్త అను చాలు, రంగు మాట ఎత్తొద్దు' అని గట్టిగా చెప్పండి. ఆవిడకి కోపం వచ్చినా సరే. పుట్టింట్లో ఈ పని చేశాకే మీవారిని అడిగే హక్కు మీకు వస్తుంది.

ఆ తర్వాత మీవారితో కూర్చోండి. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరిలో ఎవరిని ఏమని పిలిచేవారో అడగండి. 'పట్టించుకోకు' అనేవాళ్లలో చాలామంది తాము పట్టించుకోకుండా ఉండటం నేర్చుకున్నవాళ్లే. తల్లికి చెప్పాల్సింది ఆయన, ఆవిడ భాషలో, మీరు ప్రయాణం కట్టేలోపే. పాపని పేరుతోనే పిలవాలి, మనవరాళ్ల రంగు పోల్చకూడదు. మళ్లీ అలా జరిగితే ఆయనే పాపని తీసుకుని అక్కడి నుంచి లేచిరావాలి. ఇందుకు ఆయన ఒప్పుకుంటే క్రిస్మస్‌కి తప్పకుండా వెళ్లండి. ఒప్పుకోకపోతే ఈ ఏడాది మానేయడమే మేలు.

వెళితే ఆ ఫొటో గురించి అడగండి. నిలదీసినట్టు కాకుండా, ఆవిడ ఏ ఊరివారు, ఏం వండేవారు అని పాప చేతే అడిగించండి. మామగారు ఉంటే ఆయన్ని అడగడం ఇంకా తేలిక. నహువాతల్ ఈనాటికీ పది లక్షలకు పైగా జనం మాట్లాడే భాష, పుయెబ్లా రాష్ట్రంలోనూ మాట్లాడతారు. ముత్తవ్వ భాషలో నాలుగు మాటలు నేర్చుకోవడం పాపకి అసాధ్యమేమీ కాదు.

అదే ఊళ్లో పాపకి చూపించాల్సింది ఇంకొకటి ఉంది. 17వ శతాబ్దంలో మొఘలుల కాలపు భారతదేశం నుంచి ఒక పిల్లని ఎత్తుకెళ్లి, ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి వచ్చే ఓడలో మెక్సికో రేవు అకపుల్కో చేర్చి, పుయెబ్లాలో బానిసగా అమ్మారు. అక్కడ ఆమె పేరు కతరీనా దె సాన్ హువాన్. భక్తురాలిగా ఊరంతా గౌరవించింది. 1688లో చనిపోతే జెస్యూట్లనే కాథలిక్ సన్యాసుల చర్చిలో సమాధి చేశారు. ఆసియా నుంచి వచ్చినవాళ్లందరినీ అక్కడ 'చీనో'లనేవారు కాబట్టి ఆమె 'చీనా పొబ్లానా', అంటే పుయెబ్లా చీనాగా మిగిలింది. ఆ పేరుతో ప్రసిద్ధమైన దుస్తులు ఆమె తర్వాతి కాలానివి. కథలో బానిసత్వం ఉందని దాచకుండా, పాప వయసుకి తగ్గట్టు చెప్పండి. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీలో వందేళ్ల కిందట పంజాబీ రైతులు మెక్సికన్ అమ్మాయిలను పెళ్లాడి కుటుంబాలు కట్టుకున్న సంగతీ చెప్పండి. తనలాంటి పిల్లలు అప్పుడే ఉన్నారని తెలిస్తే ఒంటరితనం కొంత తగ్గుతుంది.

పాప 'నేనెవరిని?' అని అడిగితే సగం అది, సగం ఇది అనకండి. అమ్మవైపు పూర్తిగా తెలుగుపిల్లవి, నాన్నవైపు పూర్తిగా పుయెబ్లా పిల్లవి అనండి.

ఫౌండేషన్ రాసుకుందని తిట్టొద్దు. కానీ ఇంట్లో తెల్లబడే క్రీములు ఏమైనా ఉంటే ఇవాళే తీసేయండి. అలాంటి కొన్నింటిలో పాదరసం ఉంటుంది, అది పిల్లలకి ప్రమాదం. ఫొటోలు దిగనని మొండికేయడం, ఒళ్లు ఎర్రబడేలా రుద్దుకోవడం, స్కూలుకి వెళ్లనని ఏడవడం కొన్ని వారాల పాటు కనిపిస్తే స్కూలు కౌన్సెలర్‌ని కలవండి. మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి.