ఇంటర్వ్యూ అయిపోయింది, కబురు లేదు

ప్రశ్న: మాది గుంటూరు. బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశాను, వయసు 23. గన్నవరం వైపున్న ఒక కంపెనీలో టెక్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చి రెండు వారాలు కావస్తోంది. ‘వారంలో చెబుతాం’ అన్నారు. ఇంతవరకు ఫోనూ లేదు, మెయిలూ లేదు. సిస్టమ్‌కి 169.254తో మొదలయ్యే ఐపీ అడ్రస్ వస్తే ఏం చేస్తావని అడిగితే, రీస్టార్ట్ చేయమంటానని చెప్పాను. దానివల్లే పోయిందేమో అనిపిస్తోంది. రాత్రి రెండింటికి లేచి మెయిల్ చూసుకుంటున్నాను. వేరే ఉద్యోగాలకు అప్లై చేయబుద్ధి కావడం లేదు. నాన్న షాపు మూసి ఇంటికి రాగానే ‘ఏమన్నా తెలిసిందా’ అని అడుగుతారు. ఏలూరు నుంచి సంబంధం వస్తే, వాళ్లతో ‘అమ్మాయికి జాబ్ వచ్చినట్టే’ అనేశారు. మా బావగారికి తెలిసినాయన 40 వేలిస్తే లోపల మాట్లాడి ఖాయం చేయిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ రెండు వారాల మౌనానికి ‘పోయింది’ అని అర్థం చెప్పుకోకండి. ‘వచ్చినట్టే’ అని మీ నాన్నగారు చెప్పుకున్న అర్థానికీ ఆధారం లేదు. టెక్ సపోర్ట్‌లో కొత్తవాళ్లను తీసుకునే తీరే వేరు. వాళ్లకు ఒక్కొక్కరు కాదు, బ్యాచ్ కావాలి. ట్రైనింగ్ మొదలుపెట్టడానికి సరిపడా మంది కుదిరేదాకా, ఎంపికైనవాళ్లకు కూడా మాట చెప్పకుండా ఆపుతారు. కొన్ని ప్రాజెక్టుల్లో క్లయింట్ ఒప్పుకున్నాకే సంఖ్య ఖరారవుతుంది. ఇంకొకటి బయటివాళ్లకు కనిపించదు. ముందు వరసలో ఉన్నవాళ్లకు ఆఫర్ వెళుతుంది, వాళ్లలో కొందరు చేరరు, అప్పుడు తర్వాతి వరస వాళ్లకు ఫోన్ వస్తుంది. ఇది మూడు, నాలుగు వారాల తర్వాత కూడా జరుగుతుంది. అందుకే హెచ్‌ఆర్ వాళ్లు రెండో వరసను ‘లేదు’ అని చెప్పి వదిలేయరు. ‘వారంలో చెబుతాం’ అనే మాట దాదాపు అందరితోనూ అంటారు. కాదన్నవాళ్లకు మెయిల్ పెట్టే అలవాటు చాలా కంపెనీలకు లేదు, అది మర్యాద కాదు కూడా, కానీ ఉన్నది అదే.

ముందు, కబురు నిజంగానే రాలేదా అన్నది చూసుకోండి. జీమెయిల్‌లో స్పామ్, ప్రమోషన్స్ రెండూ వెతకండి. స్పామ్‌లో పడినవి 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి, కాబట్టి ఇవాళే చూడాలి. ఫోన్‌లో తెలియని నంబర్లను మ్యూట్ చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో, కాలర్ ఐడీ యాప్ ఏదైనా ఆఫీసు నంబర్లను స్పామ్ కింద ఆపేస్తోందేమో బ్లాక్ లిస్టు తెరిచి చూడండి. హెచ్‌ఆర్ వాళ్లు తరచూ బోర్డు లైన్ నుంచి చేస్తారు. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తరు, ఎత్తినా ఆపరేటరే ఎత్తుతారు. మీ దరఖాస్తులో మెయిల్ ఐడీ ఒక అక్షరం తప్పు పడిందేమో కూడా సరిచూడండి. మరీ ముఖ్యంగా, రెజ్యూమెలో రెండో నంబరుగా నాన్నగారిది ఇచ్చి ఉంటే ఆయన ఫోన్‌లో మిస్డ్ కాల్స్ చూడండి. షాపులో బేరం మధ్య ఆ ఫోన్ ఎత్తి ‘రాంగ్ నంబర్’ అని పెట్టేసిన సందర్భాలు బోలెడు.

అక్కడా ఏమీ లేకపోతే మెయిల్ పెట్టండి. వాళ్లు చెప్పిన గడువు దాటింది కాబట్టి అడగడం తొందరపాటు కాదు. సోమవారం ఉదయం, శుక్రవారం సాయంత్రం వదిలేసి మిగతా రోజుల్లో పదిన్నర, పన్నెండు మధ్య పంపండి. ఇంటర్వ్యూకి పిలిచిన మెయిల్‌కే రిప్లై ఇస్తే మీ వివరాలు వాళ్లకు వెతుక్కునే పని ఉండదు. సబ్జెక్టులో ఉద్యోగం పేరు, మీ పేరు, ఇంటర్వ్యూ తేదీ, క్యాండిడేట్ నంబర్ ఇచ్చి ఉంటే అదీ. లోపల నాలుగైదు వాక్యాలు చాలు: ఫలానా తేదీన ఫలానావారి దగ్గర ఇంటర్వ్యూ అయింది, ఈ ఉద్యోగంపై ఆసక్తి అలాగే ఉంది, ప్రాసెస్ ఏ దశలో ఉందో తెలపగలరు, ఇంకేమైనా పత్రాలు కావాలంటే పంపుతాను, వెంటనే చేరగలను. కింద ఫోన్ నంబర్. ‘దయచేసి అవకాశం ఇవ్వండి, ఇంట్లో పరిస్థితి బాగోలేదు’ లాంటి మాటలు వద్దు. అవి చదివే మనిషికి ఆఫర్ ఇచ్చే అధికారం ఉండదు, ఇబ్బంది మాత్రం ఉంటుంది.

మూడు పనిదినాలు చూసి జవాబు రాకపోతే ఒక్కసారి ఫోన్ చేయండి. ఎత్తకపోతే అదే రోజు మళ్లీ మళ్లీ చేయకండి. ఇంటర్వ్యూ వేళ వాట్సాప్‌లో ఖరారు చేసి ఉంటే అక్కడ ఒక మెసేజ్ తప్పులేదు, రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు మాత్రం పంపకూడదు. ఇంటర్వ్యూ చేసిన టెక్నికల్ వాళ్లను లింక్డ్‌ఇన్‌లో వెతికి ఫలితం అడగడం కూడా పనికిరాదు, వాళ్లు చెప్పకూడదు. ఒకవేళ మిమ్మల్ని కన్సల్టెన్సీ పంపి ఉంటే, అడగాల్సింది కంపెనీని కాదు, కన్సల్టెన్సీనే.

మెయిల్ పంపిన రోజు నుంచి పది పనిదినాలు లెక్కపెట్టి, ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద రాయండి. అప్పటికీ ఏమీ తెలియకపోతే ఈ ఇంటర్వ్యూ మీ లెక్కలో ముగిసిపోయినట్టే. ఆ తర్వాత పిలుపొస్తే సంతోషంగా వెళ్లండి, ఎదురుచూడటం మాత్రం ఆపేయండి. ‘చూద్దాం’ అంటూ గడువు లేకుండా కూర్చోవడమే మీ నిద్ర చెడగొడుతోంది. మరో చోటికి దరఖాస్తు పెట్టకపోవడానికీ అదే కారణం.

మీరు రాయని విషయం ఒకటుంది, దాని మీద కాస్త ఎక్కువే చెప్పాలి. ఇంటర్వ్యూలో ‘ఎక్కడుంటారు, షిఫ్టులు కుదురుతాయా’ అని అడిగే ఉంటారు. మీరేం చెప్పారు? గుంటూరు నుంచి విజయవాడ 35 కిలోమీటర్ల పైమాటే, అక్కడి నుంచి గన్నవరం ఇంకో 20. రోజూ వచ్చి వెళతానని కొత్తగా చేరే అమ్మాయి చెబితే హెచ్‌ఆర్ పైకి నవ్వినా లోపల సందేహిస్తారు. అమెరికా క్లయింట్ అయితే అక్కడి తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. తెల్లవారుజామున షిఫ్టు దిగాక గుంటూరు దాకా క్యాబ్ వేసే కంపెనీ తక్కువ. మామూలుగా ఆఫీసు చుట్టూ ఇన్ని కిలోమీటర్లని ఒక హద్దు పెట్టుకుంటారు. కాబట్టి విజయవాడలో హాస్టల్లో ఉండటానికి ఇంట్లో ఒప్పుకుంటారా, నైట్ షిఫ్టుకి ఒప్పుకుంటారా అన్నది ఆఫర్ వచ్చాక కాదు, ఇప్పుడే తేల్చుకోండి. ఒప్పుకుంటే ఆ మెయిల్‌లోనే ‘విజయవాడలో ఉండి షిఫ్టుల్లో పనిచేయడానికి సిద్ధం’ అని ఒక వాక్యం కలపండి. 169 ప్రశ్న కన్నా మీ పేరును ఆపి ఉంచే అవకాశం దీనికే ఎక్కువ.

జీతం లెక్క కూడా ఆ మాటల్లోనే తేలాలి. నెలకు గ్రాస్ 18,000, అందులో బేసిక్ 9,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం చొప్పున 1,080, ఈఎస్ఐ 0.75 శాతం చొప్పున 135, వృత్తి పన్ను 150 పోగా చేతికి 16,635 వస్తుంది. హాస్టల్, భోజనం అందులోంచే. సీటీసీ (మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) అని వాళ్లు చెప్పే అంకెలో కంపెనీ కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కూడా కలిసి ఉంటాయి కాబట్టి దాన్ని 12తో భాగించి ఇంట్లో చెప్పకండి. బాండ్ ఉందా, ట్రైనింగ్ నెలల్లో పూర్తి జీతమా స్టైపెండా, ఇవీ అడిగి తెలుసుకోవాల్సినవే.

ఇక ఆ 169.254. నెట్‌వర్క్‌లోని సిస్టమ్‌లకు ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి అడ్రస్ దొరకనప్పుడు విండోస్ తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది. రీస్టార్ట్ అనడం ఘోరమైన తప్పేమీ కాదు, ఒక్కోసారి దాంతోనే సరిపోతుంది. కానీ ఈ ఉద్యోగంలో వాళ్లు చూసేది ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న అడుగుతారన్నదే. ముందు ‘మీ ఒక్కరికేనా, పక్క సీట్లవాళ్లకూనా’ అని అడగాలి. అందరికీ అయితే యూజర్ చేత ఏ ప్రయోగమూ చేయించకుండా నెట్‌వర్క్ టీమ్‌కి పంపాలి. స్విచ్ పోయి ఉండొచ్చు, సర్వర్ ఆగి ఉండొచ్చు, ఇవ్వడానికి అడ్రస్‌లే అయిపోయి ఉండొచ్చు. ఒక్కరికే అయితే కేబుల్ ఊడిందా, వైఫై సరైనదేనా చూడాలి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పాత అడ్రస్ వదిలించడానికి ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆపై కొత్తది అడగడానికి ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ. అప్పటికీ రాకపోతే అడాప్టర్‌ని డిజేబుల్ చేసి ఎనేబుల్ చేయడం, వేరే పోర్టులో పెట్టి చూడటం. ఆపైన సిస్టమ్ పేరు, సీటు, పోర్టు నంబర్, చేసిన పనులు అన్నీ టికెట్‌లో, అంటే ఆ ఫిర్యాదు నమోదులో, రాసి పై టీమ్‌కి.

ఇలాగే ఇంకో రెండు బాగా పట్టు సాధించండి. పాస్‌వర్డ్ మార్చిన యూజర్ అకౌంట్ మళ్లీ మళ్లీ లాక్ అవుతుంటే, ఎన్నిసార్లు అన్‌లాక్ చేసినా ఉపయోగం లేదు. అతని ఫోన్ మెయిల్ యాప్‌లోనో, పాస్‌వర్డ్‌లు దాచుకునే విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లోనో పాత పాస్‌వర్డ్ నిలిచి ఉండి పదేపదే ప్రయత్నిస్తుంటుంది. ప్రింట్ ఇచ్చినవి క్యూలో ఇరుక్కుంటే, వాటిని వరసలో ప్రింటర్‌కి పంపే ప్రింట్ స్పూలర్ సర్వీస్ ఆపి, సిస్టమ్32 కింద స్పూల్ లోని ప్రింటర్స్ ఫోల్డర్ ఖాళీ చేసి, సర్వీస్ మళ్లీ మొదలుపెట్టాలి. సర్వీస్ ఆపకుండా ఫైళ్లు తీయబోతే పోవు, అక్కడే చాలామంది తడబడతారు. ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద చేసి చూస్తూ, ఫోన్లో ఎవరికో చెబుతున్నట్టు పైకి చెప్పండి, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఫోన్‌లో మాట్లాడి సాయపడే వాయిస్ ప్రాసెస్‌లో సగం మార్కులు ఆ చెప్పే తీరుకే.

దరఖాస్తులు ఆపొద్దు. ఐటీ కంపెనీలంటే కేసరపల్లి, మంగళగిరి అనుకుని అక్కడే ఆగిపోకండి. విజయవాడ, గుంటూరుల్లోని పెద్ద ఆసుపత్రులు, ఇంజినీరింగ్ కాలేజీలు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే డీలర్లు కూడా సపోర్ట్ మనుషుల్ని పెట్టుకుంటారు. జీతం తక్కువ కావచ్చు, కానీ ఒక ఏడాది అనుభవం రాసుకోవచ్చు, పైగా ఇంటి నుంచే వెళ్లొచ్చు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోండి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే జాబ్ మేళాలకూ వెళ్లండి, అక్కడ జనం ఎక్కువే, అయినా వెళ్లండి.

నాన్నగారు రోజూ అడగడం వేధింపు కాదు, ఆయనకు ఏ సమాచారమూ అందడం లేదు, అంతే. ఆయన అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి: ‘నాన్నా, మెయిల్ పెట్టాను. ఫలానా తేదీ దాకా చూస్తాను. ఈలోపు ఇంకో నాలుగు చోట్ల అప్లై చేస్తున్నా. కబురొస్తే నువ్వు అడక్కముందే నీకే చెబుతాను.’ తేదీ ఒకటి చేతికందితే రోజూ అడగడం చాలావరకు తగ్గుతుంది. ఏలూరు సంబంధం మాట మాత్రం సాగదీయకూడదు. ఆ ‘వచ్చినట్టే’ని ఇప్పుడే సరిదిద్దితే మామూలు మాట, నిశ్చయమయ్యాక బయటపడితే అబద్ధం. అమ్మ ద్వారా చెప్పించండి, ఆమె చెబితే ఆయనకు చిన్నతనంగా ఉండదు. అవతలివాళ్లకు ‘ఇంటర్వ్యూ అయింది, ఫలితం రావాలి’ అని నాన్నగారే ఫోన్ చేసి అంటే చాలు. పెళ్లయ్యాక షిఫ్టుల ఉద్యోగానికి వాళ్లు ఒప్పుకుంటారా అన్నదీ ఆ ఫోన్లోనే అడగొచ్చు.

మెయిల్ ఉదయం పదకొండుకి ఒకసారి, సాయంత్రం ఐదుకి ఒకసారి చూడండి. రాత్రి ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టండి. అలా చేసినా వారం, పది రోజుల్లో నిద్ర కుదరకపోయినా, తిండి సయించకపోయినా, లేదా ఎప్పుడైనా సరే బతకాలని లేదనిపించినా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

బావగారి స్నేహితుడికి రూపాయి కూడా ఇవ్వొద్దు. కంపెనీల్లో రెఫరల్ అన్నది నిజంగానే ఉంది, కానీ అందులో డబ్బు కదిలేది అవతలివైపు: మనిషిని చూపించిన ఉద్యోగికి కంపెనీయే బోనస్ ఇస్తుంది. మీ దగ్గర 40 వేలు అడుగుతున్నాడంటే లోపల ఆయనకు తెలిసినవాళ్లు లేకపోవచ్చు, ఉన్నా చేస్తున్నది దొడ్డిదారి పని. అది బయటపడితే పోయేది మీ ఉద్యోగమే. బావగారిని నొప్పించకుండా, ‘ఆయన్ని నా రెజ్యూమె రెఫరల్‌లో పెట్టమనండి బావగారూ, డబ్బు మాత్రం వద్దు’ అనండి. ఆ మాటతో ఆయన ఎటువంటివాడో తేలిపోతుంది. రేపు ఆఫర్ లెటర్ అంటూ ఏదైనా వచ్చినా, పంపిన మెయిల్ కంపెనీ డొమైన్‌దా, మామూలు జీమెయిల్‌దా చూడండి. లాప్‌టాప్ డిపాజిట్, రిజిస్ట్రేషన్ ఫీజు, తిరిగిచ్చే అడ్వాన్స్, ఏ పేరుతో అడిగినా కట్టకండి, ఆధార్ ఓటీపీ చెప్పకండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఇప్పటికే ఇంట్లోవాళ్లు ఆన్‌లైన్లో ఎంతో కొంత పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, లావాదేవీ నంబర్ చెప్పండి. ఆ డబ్బు వేరే ఖాతాల్లోకి దాటకముందైతేనే బ్యాంకు ఆపగలుగుతుంది.