చదువు, పేదరికం, కష్టాలు: ఇంగ్లీషులో మాట్లాడటానికి ఏ మాటలు నేర్చుకోవాలి?

చదువు, సమాజంలోని అసమానతలు, కష్టాలు దాటి రావడం గురించి ఇంగ్లీషులో మాట్లాడమంటే పూర్, రిచ్, ప్రాబ్లమ్, హార్డ్ వర్క్ దగ్గరే ఆగిపోతున్నాను, ఏ పదాలు నేర్చుకోవాలి అని అడిగారు. ఒకప్పుడు నాదీ ఇదే బాధ. అప్పుడు నేను చేసిన పని, ఓ రెండొందల పెద్ద పదాలు నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ పట్టడం. అది నన్ను ఎలా ముంచిందో ముందు చెప్తాను.

ఒక స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో మీ నేపథ్యం చెప్పండి అన్నారు. నేను గుక్క తిప్పుకోకుండా, "ఐ యామ్ ఫ్రమ్ మార్జినలైజ్డ్ ఫ్యామిలీ, ఐ ఫేస్డ్ మెనీ హార్డ్‌షిప్స్, ఐ ఓవర్‌కేమ్ ఫ్రమ్ దెమ్ విత్ డిటర్మినేషన్ అండ్ రెజిలియెన్స్" అనేశాను. అవతల కూర్చున్నావిడ శ్రద్ధగా విని, "వాట్ హ్యాపెన్డ్?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. జరిగింది తెలియక కాదు. నాన్నకి జబ్బు చేస్తే పదో తరగతి తర్వాత రెండేళ్లు బడికి దూరమై ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేశాను. అది చెప్పడానికి కావలసిన చిన్న చిన్న క్రియలు నా నోట్‌బుక్‌లో లేవు. అన్నీ నామవాచకాలే! స్కాలర్‌షిప్ రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి నా మొదటి సలహా, తెలుగులో మీరేమంటారో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఈ విషయంలో తెలుగు చాలా నిక్కచ్చి భాష. "చదువు మానేశాను", "చదువు ఆగిపోయింది", "చదువు మాన్పించారు". మూడింటిలోనూ బడికి వెళ్లకపోవడమే ఉంది, కానీ బాధ్యత ఎవరిదో మారిపోతుంది. ఇంగ్లీషులోనూ మూడున్నాయి. "ఐ డ్రాప్డ్ అవుట్" అంటే మానేశాను. "మై ఎడ్యుకేషన్ వాజ్ ఇంటరప్టెడ్" అంటే మధ్యలో ఆగింది, మళ్లీ మొదలైందన్న ధ్వని కూడా అందులోనే ఉంది. "మై పేరెంట్స్ టుక్ మి అవుట్ ఆఫ్ స్కూల్" అంటే మాన్పించారు. వీటికి తోడు "ఐ హ్యాడ్ టు లీవ్ స్కూల్" ఉంది. నాకు ఇష్టం లేదు, తప్పలేదు అన్నదంతా ఆ "హ్యాడ్ టు"లోనే ఇమిడిపోతుంది. మనం అన్నిటికీ కలిపి డ్రాపౌట్ అనేస్తాం. విద్యారంగంలో పనిచేసేవాళ్లలో కొందరికి ఆ మాటంటేనే చిరాకు. పిల్లలు వాళ్లంతట వాళ్లు జారిపోలేదు, బడే బయటికి నెట్టిందని చెప్పడానికి "పుషౌట్" అంటారు.

పేదరికానికి సంబంధించిన పదాలనూ ఇలాగే చూడండి, బాధ్యతని ఎవరి మీద పెడుతున్నాయా అని. "పూర్" ఒక స్థితిని చెప్పి ఊరుకుంటుంది. "డిప్రైవ్డ్" అంటే ఉండాల్సింది దక్కకుండా పోయింది అని. దేనికి దూరమయ్యారో చెప్పాలంటే దాని వెనక "ఆఫ్" రావాలి, "డిప్రైవ్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్" అన్నట్టు. "మార్జినలైజ్డ్"లో మార్జిన్ ఉంది చూశారా, పేజీ అంచు. ఎవరో అంచుకి నెట్టేశారని అర్థం. "డిసడ్వాంటేజ్డ్" కాస్త మెత్తని మాట, పందెంలో వెనకనుంచి మొదలుపెట్టినవాళ్లు అన్నట్టు. "అండర్‌ప్రివిలేజ్డ్" కూడా దాదాపు అంతే, కానీ నాకెందుకో ఆ మాటలో దానధర్మాల వాసన వస్తుంది, వీలైనంతవరకు వాడను. ఇక "బ్యాక్‌వర్డ్" చట్టంలో ఉన్న పేరుగా తప్ప మనుషుల గురించి వాడకండి. ఆ చట్టం తెలియని వాళ్ల చెవికి అది తిట్టులా వినపడుతుంది.

ఇవన్నీ వ్యాసాల్లో, ఇతరుల గురించి చెప్పేటప్పుడు బావుంటాయి. సొంత కథలో "ఐ యామ్ మార్జినలైజ్డ్" అంటే ప్రభుత్వ నివేదిక చదివినట్టుంటుంది. మన గురించి చెప్పుకోవడానికి "అఫర్డ్" చాలు. "వీ కుడ్‌న్ట్ అఫర్డ్ ది ఫీజ్" అన్నామా, ఫీజు కట్టే స్తోమత లేదన్నది సూటిగా వచ్చేస్తుంది, జాలి అడిగినట్టూ ఉండదు. "మేక్ ఎండ్స్ మీట్" అంటే నెల నెట్టుకురావడం. రెక్కాడితే గాని డొక్కాడని బతుకుకి "లివింగ్ హ్యాండ్ టు మౌత్" సరిగ్గా సరిపోతుంది. "బ్రోక్" మాత్రం వేరు. జేబులో ప్రస్తుతానికి డబ్బుల్లేవు అని మాత్రమే. జీతం రాకముందు ఎవరైనా బ్రోక్ కావచ్చు, వాళ్లంతా పేదవాళ్లు కారు.

అసమానత దగ్గర ఒక్క పదమే నేర్చుకోవడానికి టైముంటే "యాక్సెస్" నేర్చుకోండి. బడి ఉండటం వేరు, బడి అందుబాటులో ఉండటం వేరు. ఆ రెండోదాన్ని చెప్పే మాట ఇదే. నామవాచకంగా వాడినప్పుడు దీని పక్కన "టు" ఉంటుంది, "యాక్సెస్ టు ఎడ్యుకేషన్" అని. "రైట్"కీ అంతే, "రైట్ టు ఎడ్యుకేషన్". ఐక్యరాజ్యసమితి 1948లో ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో 26వ అధికరణం చదువు గురించే. ప్రాథమిక విద్య ఉచితంగా, నిర్బంధంగా ఉండాలంటుంది. ఉన్నత విద్య దగ్గరికి వచ్చేసరికి "ఈక్వలీ యాక్సెసిబుల్ టు ఆల్ ఆన్ ది బేసిస్ ఆఫ్ మెరిట్" అంటుంది. ఆ అధికరణం చిన్నదే, ఇంగ్లీషులో ఒకసారి చదవండి. ఈ విషయానికి కావలసిన పదాలు సగం అందులోనే దొరుకుతాయి.

అదే ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోది విద్య. అక్కడ "ఈక్వల్" బదులు "ఈక్విటబుల్" అని ఉంటుంది. నేను చాలాకాలం ఈ రెండూ ఒకటే అనుకున్నాను. ఈక్వాలిటీ అంటే అందరికీ ఒకేలా ఇవ్వడం, ఈక్విటీ అంటే ఎవరికి కావలసింది వాళ్లకి ఇవ్వడం. క్లాసులో అందరికీ ఒకే పుస్తకం పంచితే మొదటిది. చూపులేని పిల్లవాడికి బ్రెయిలీ పుస్తకం ఇస్తే రెండోది. చర్చల్లో ఈ తేడా తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ వెంటనే దొరికిపోతారు.

ఇంకో తమాషా మాట "మెరిటోక్రసీ", ప్రతిభకే పట్టం కట్టే వ్యవస్థ. చాలామంది దీన్ని మెచ్చుకోలుగా వాడతారు. నిజానికి 1958లో దీన్ని ప్రచారంలోకి తెచ్చిన బ్రిటిష్ సామాజికవేత్త మైకేల్ యంగ్ వ్యంగ్యంగా వాడాడు. గెలిచినవాళ్లు ఇదంతా మా ప్రతిభేనని విర్రవీగుతారు, ఓడినవాళ్లకి సాకు చెప్పుకునే దిక్కు కూడా ఉండదు, అలాంటి సమాజం వస్తే ఎలా ఉంటుందన్నది ఆయన హెచ్చరిక. రాజకీయ నాయకులు దాన్నే ఆదర్శంగా చెప్పుకుంటుంటే 2001లో ఆయనే పత్రికలో రాసి విసుక్కున్నాడు. "పుల్ యువర్‌సెల్ఫ్ అప్ బై యువర్ బూట్‌స్ట్రాప్స్" కథా అంతే. ఇప్పుడు స్వశక్తితో పైకి రమ్మని చెప్పడానికి వాడుతున్నారు. 19వ శతాబ్దంలో అది జరగని పనికి ఉదాహరణ. మన బూట్ల పట్టీలు మనమే పట్టుకుని మనల్ని గాల్లోకి లేపుకోగలమా చెప్పండి? ఎవరైనా మీకు ఆ సలహా ఇస్తే ఈ సంగతి గుర్తుచేయొచ్చు, మర్యాదగా.

చదువు అన్న ఒక్క మాటతో మనం ఎన్నో పనులు గడిపేస్తాం. ఇంగ్లీషులో దాన్ని విడగొట్టాలి. చదవడం రాయడం రావడం "లిటరసీ". బడిలో గడిపిన కాలం "స్కూలింగ్". నిజంగా వంటపట్టింది "లెర్నింగ్". చేతికొచ్చిన పట్టా "క్వాలిఫికేషన్". అన్నీ కలిసిన పెద్దది "ఎడ్యుకేషన్". ఈ విడగొట్టడం ఊరికే కాదు. ప్రపంచ బ్యాంకు, యునెస్కో గణాంక సంస్థ 2019లో "లెర్నింగ్ పావర్టీ" అన్న కొలమానం తెచ్చాయి. పదేళ్ల వయసుకి చిన్న పాఠం చదివి అర్థం చేసుకోలేని పిల్లలు ఎంతమందో అది లెక్కగడుతుంది. స్కూలింగ్ ఉండి లెర్నింగ్ లేని పిల్లల గురించి మాట్లాడాలంటే రెండు వేర్వేరు మాటలు ఉండాల్సిందే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లని "ఫస్ట్-జెనరేషన్" అంటారు, మీకు వర్తిస్తే ధైర్యంగా వాడండి. "పాస్డ్ అవుట్" మాత్రం వదిలేయండి. నేను ఫలానా ఏడాది పాస్డ్ అవుట్ అని ఒక విదేశీ సహోద్యోగితో అంటే, ఆయన పాపం నా ఆరోగ్యం గురించి అడిగాడు. మన వాడుక తెలియనివాళ్లకి అది స్పృహ తప్పి పడిపోవడం. "గ్రాడ్యుయేటెడ్" అంటే ఏ గొడవా ఉండదు.

ఇప్పుడు కష్టాలు. ఇక్కడా తెలుగు క్రియలే దారి చూపిస్తాయి. కష్టాలు పడటం "గో త్రూ". గట్టెక్కడం "గెట్ త్రూ". ఒక్క మాట తేడాతో ఏటి మధ్యలో ఉన్నామా, ఒడ్డున ఉన్నామా అన్నది తేలిపోతుంది. తట్టుకోవడం "కోప్ విత్". చాలామంది "కోప్ అప్ విత్" అంటారు, ఆ "అప్" అక్కర్లేదు. ఓర్చుకోవడం "ఎండ్యూర్", విసుగ్గా భరించడమైతే "పుట్ అప్ విత్", దీనికి మాత్రం "అప్" కావాలి. ఎందుకని నన్నడక్కండి. తేరుకుని మళ్లీ లేవడం "బౌన్స్ బ్యాక్". రెజిలియెన్స్ అన్న పెద్ద మాటకి మూలమైన లాటిన్ క్రియకి అర్థం కూడా వెనక్కి ఎగరడమే, బంతిలా. ఆ సంగతి తెలిశాక ఆ పదమంటే నాకున్న బెరుకు పోయింది. కానీ ఎదుటివాళ్ల కష్టాన్ని చూసి ఎంత రెజిలియెంటో అని మెచ్చుకునేటప్పుడు జాగ్రత్త. ఆ కష్టం పెట్టినవాళ్లని ఏమీ అనకుండా, భరించినవాళ్లకి దండ వేసినట్టవుతుంది ఒక్కోసారి.

"ఓవర్‌కమ్"తో నేను చేసిన తప్పు చూశారుగా, "ఓవర్‌కేమ్ ఫ్రమ్ దెమ్" అన్నాను. తెలుగులో కష్టాల "నుంచి" బయటపడతాం కాబట్టి ఆ నుంచి ఇంగ్లీషులోకి నడిచొచ్చేసింది. ఓవర్‌కమ్ అంటే బయటపడటం కాదు, అధిగమించడం. కష్టాల"ను" అధిగమిస్తాం, "ఫ్రమ్" రాదు. "డిస్కస్ అబౌట్ ఇనీక్వాలిటీ"లో "అబౌట్" కూడా ఇలా తెలుగులోని "గురించి" తోసుకొచ్చిందే. "డిస్పైట్ ఆఫ్" ఇంకో రకం, "ఇన్ స్పైట్ ఆఫ్"తో కలిసిపోయిన కలగాపులగం. ఇక "ఐ వర్క్‌డ్ హార్డ్‌లీ" అన్నారంటే కొంప మునిగినట్టే. కష్టపడ్డానని చెప్పబోయి, పనే చేయలేదన్నట్టు చెప్పినవాళ్లవుతారు. "ఐ వర్క్‌డ్ హార్డ్", అంతే.

ప్రాక్టీసుకి నేను చేసింది చెప్తాను. రోజూ నాకు నిజంగా జరిగింది ఒకటి తెలుగులో రెండు వాక్యాలు రాసుకుని, వాటిలోని క్రియలకి మాత్రమే ఇంగ్లీషు వెతికేవాణ్ణి. నామవాచకాలు వాటంతట అవే వచ్చి చేరేవి. మలాలా యూసఫ్‌జాయ్ 2013 జూలై 12న, తన పదహారో పుట్టినరోజున ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగం చాలాసార్లు విన్నాను. వాయిస్, పెన్, బుక్, పవర్ లాంటి చిన్న మాటలతోనే అంత పెద్ద విషయం ఎలా చెప్పిందో గమనించండి. ఒక్కో వాక్యం ఆపి, తిరిగి అనండి.

రెండేళ్ల తర్వాత ఇంకోచోట ఇంటర్వ్యూకి వెళ్లాను. అదే ప్రశ్న. ఈసారి, "ఐ హ్యాడ్ టు లీవ్ స్కూల్ ఫర్ టూ ఇయర్స్ బికాజ్ మై ఫాదర్ ఫెల్ ఇల్. ఐ వర్క్‌డ్ ఇన్ ఎ ప్రింటింగ్ ప్రెస్ అండ్ స్టడీడ్ ఎట్ నైట్" అని ఆగాను. ప్రెస్‌లో ఏం పని చేసేవాడివి అని అడిగారు. పది నిమిషాలు దాని గురించే మాట్లాడుకున్నాం. అచ్చయిన కాగితాలు మడిచి, వరసగా పేర్చి, దారంతో కుట్టడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో అప్పటికి నాకు తెలియదు. టేబుల్ మీదున్న నా అప్లికేషన్ కాగితాన్నే తీసుకుని మడిచి చూపించాను.