ఉపవాసం నాడు చర్చిల పడిపోయిన 88 ఏండ్ల అమ్మ: మార్చాల్సింది చర్చి కాదు, గోలీలు

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మకు 88 ఏండ్లు. పెండ్లైన కొత్తల నాగార్జునసాగర్ డ్యాం మీద మట్టి మోసింది, మా నాన్న పోయినంక కూలికి పోయి మా ఐదుగురిని సాదింది. ఆదివారం చర్చి, శుక్రవారం ఉపవాస ప్రార్థన నాకు తెలిసి ఎన్నడు తప్పలేదు. షుగర్, బీపీ ఉన్నయి. పొద్దున గ్లైమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన గోలీ, బీపీకి టెల్మిసార్టన్‌ల నీళ్ళ గోలీ (మూత్రం ఎక్కువ పోయించేది) కలిసింది, మోకాళ్ళకు ఊర్ల ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పి గోలీ రోజూ ఏసుకుంటది. మూడు నెలల షుగర్ టెస్టు 6.2 వచ్చింది, మంచిగుందన్నరు. పోయిన నెల శుక్రవారం ప్రార్థనకు లేచి నిలబడంగనే చెమటలు పట్టి పడిపోయింది, దెబ్బలైతే తాకలేదు. ఇగ చర్చి బంద్ అని మా అన్న అంటుండు. అమ్మ అప్పటిసంది సరిగ తింటలేదు, ఎవరితోని మాట్లాడ్తలేదు. ఏం చేయమంటరు? - ఓ పాఠకుడు

జవాబు: ముందుగాల మీ అన్నగారికి చెప్పండి, ఆయన భయం తప్పు కాదు. 88 ఏండ్ల మనిషి కిందపడి తుంటి విరిగితే చాలామంది మళ్ళ మునుపటి లెక్క నడవలేరు, మంచం పడితె నిమోనియా, పుండ్లు, ఒకదాని ఎనుక ఒకటి వస్తయి. కానీ మీరు రాసిన దాన్ని బట్టి ఆమె పడిపోయింది చర్చికి పోయినందుకు కాదు, ఖాళీ కడుపు మీద గ్లైమిపిరైడ్ ఏసుకున్నందుకు అని నాకు గట్టిగ అనిపిస్తుంది, దానికి తోడు బీపీ గోలీ. చర్చి మానిపించి ఇవే గోలీలు ఇట్లనే నడిపిస్తే రేపు ఇంట్లనే, బాత్రూంల పడుతది, అప్పుడు పట్టుకునేటోళ్ళు గూడ పక్కన ఉండరు.

గ్లైమిపిరైడ్ సంగతి కొంచెం వివరంగ చెప్పాలె. అది క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తది, మనం తిన్నమా తినలేదా అన్నది దానికి సంబంధం లేదు, ఒక్క గోలీ పని దగ్గర దగ్గర ఒక రోజంత ఉంటది, పెద్ద వయసుల కిడ్నీలు నెమ్మదిస్తయి గాబట్టి ఇంకా ఎక్కువసేపు గూడ ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ అట్ల పడగొట్టదు. శుక్రవారం పొద్దుగాల అలవాటు ప్రకారం గోలీ ఏసుకుని, ప్రార్థన అయ్యేదాంక మంచినీళ్ళు గూడ ముట్టకుండ కూసుంటే 12, 1 గంట వరకు షుగర్ 70 కిందికి పోవుడు పెద్ద వింతేం కాదు. ఆ చెమటలు దాని గుర్తే.

ఇంకో మాట, ఇది వింటే మీకు ఆశ్చర్యం కావొచ్చు. 6.2 అన్నది ఆమె వయసుకు మంచి నంబర్ కాదు. నలభై ఏండ్ల మనిషికి సంతోషపడేదాన్ని. 88 ఏండ్లు, వారానికో ఉపవాసం, పైన గ్లైమిపిరైడ్, ఈ మూడు కలిసినప్పుడు 6.2 అంటే షుగర్ మాటిమాటికి కిందికి పోతుందేమో అని అనుమానపడాలె. పెద్దోళ్ళకు, వేరే జబ్బులు గూడ ఉన్నోళ్ళకు హెచ్‌బిఎ1సి (అదే ఆ మూడు నెలల షుగర్ టెస్టు) 8 లోపల ఉంటే చాలని మధుమేహం డాక్టర్ల మార్గదర్శకాలే చెప్తున్నయి. ఈ రకం గోలీలు ముసలివాళ్ళకు వీలైనంత వరకు వద్దని అమెరికా వృద్ధుల వైద్య సంఘం 2023 జాబితాల గూడ పెట్టింది. అందుకని ఈ వారంలనే మీ డాక్టర్ దగ్గరికి పోయి, అమ్మ పడిపోయిన సంగతి, ఉపవాసం సంగతి దాచకుండ చెప్పి, గ్లైమిపిరైడ్ తీసేద్దామా అని అడగండి. అప్పటిదాంక ఒక్క నియమం పట్టుకోండి: తిండి లేని పొద్దున ఆ కలిపిన షుగర్ గోలీ ఇయ్యొద్దు.

మళ్ళ ఎప్పుడన్న చెమట, వణుకు, మాట తడబడుడు కనబడితె, తెలివిల ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళల్ల కలిపి తాపిచ్చి 15 నిమిషాలకు షుగర్ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్ళ తాపిచ్చి తర్వాత అన్నమో రొట్టెనో పెట్టండి. తెలివి లేకపోతే నోట్లె ఏం పోయొద్దు, 108 కు ఫోన్ చేయండి. చక్కెర తాగినంక తేరుకున్నా సరే దవాఖానకు తీస్కపోవాల్సిందే, ఈ గోలీ వల్ల పడ్డ షుగర్ కొన్ని గంటలకు మళ్ళ పడుతది. చర్చిల ఆమె పక్కన కూసునే ఇద్దరు ముగ్గురు అమ్మలకు గూడ ఇది నేర్పించండి, వాళ్ళ సంచిల ఒక చక్కెర పొట్లం ఉంటే చాలు.

ఇగ బీపీ. చానాసేపు చాప మీద కూసుని ఒక్కసారి లేచి నిలబడితె రక్తం కాళ్ళల్లకు దిగిపోతది, పడుచోళ్ళ నరాలు వెంటనే సర్దుకుంటయి, ముసలోళ్ళకు టైం పడుతది, నీళ్ళ గోలీ ఉంటే ఇంకా ఆలస్యం. పండుకోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టినంక మూడు నిమిషాల లోపల ఇంకోసారి బీపీ చూపియ్యండి, పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ పడిపోతే డోసు తగ్గియ్యాల్సి ఉంటది. మీరు రాయకపోయినా ఆమె మబ్బుల లేచి మంచం పక్కన మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటదని అనుకుంటున్న, మన దిక్కు చర్చి తల్లులు చాలామంది అంతే. లేవంగనే రెండు నిమిషాలు మంచం అంచున కూసుని కాళ్ళు ఆడించి, లైటు ఏసుకుని అప్పుడు లేవాలె, మోకాళ్ళకు బదులు కుర్చీల కూసోమనండి. చర్చిల గూడ చాప కాకుండ గోడ వారకు చేతులున్న కుర్చీ ఏపియ్యండి, అందరు నిలబడ్డప్పుడు ఆమె కూసున్నా ఎవరు తప్పు పట్టరు, ఒకసారి పాస్టర్ గారే అందరి ముందట చెప్తే ఆమెకు గూడ మొహమాటం పోతది.

నొప్పి గోలీ మాత్రం పేరున్న పట్టీలది అయితే ఈ రోజే ఆపండి. టెల్మిసార్టన్, నీళ్ళ గోలీ, నొప్పి గోలీ, ఈ మూడు కలిస్తే పెద్దోళ్ళ కిడ్నీలు దెబ్బతింటయి, ఉపవాసం నాడు నీళ్ళు తాగకపోతే ఇంక ఎక్కువ. పేరు లేని పొట్లంల వచ్చే గోలీ అయితే అండ్ల స్టెరాయిడ్ గూడ ఉండొచ్చు, కొన్ని నెలలు వాడి ఉంటే దాన్ని ఒక్కసారిగ ఆపితే ప్రమాదం, అందుకే ఆ పొట్లం డాక్టర్‌కు చూపించినంకనే ఆపండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితనం చూసే టెస్టు), సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, బి12 చేపియ్యండి. మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడితె బి12 తగ్గుతది, కాళ్ళు తిమ్మిర్లు, నడకల తూలుడు దానివల్ల గూడ వస్తయి.

దేవరకొండ దిక్కు అన్నరు గాబట్టి ఫ్లోరైడ్ మాట అడగక తప్పదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న నీళ్ళల్ల అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోర్ల నీళ్ళు మన నల్గొండ జిల్లాల తరాలు తాగినయి, మర్రిగూడ, చండూరు మండలాల్ల నడుం వంగిన మనుషులను చూడని డాక్టర్ ఇక్కడ లేడు. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినా ఎముకల పేరుకున్నది అంత తొందరగ పోదు. ఎక్స్‌రేల ఎముక తెల్లగ, గట్టిగ కనబడుతది, కానీ పెళుసుగ ఉంటది. మెడ తిప్పలేకపోవుడు, కాళ్ళు బిగుసుకపోవుడు, మూత్రం ఆపుకోలేకపోవుడు ఉంటే అది మోకాళ్ళ అరుగుదల అని వదిలేయొద్దు, వెన్నుపాము నొక్కుకపోతుందేమో చూపియ్యాలె.

ఉపవాసం మానమంటే ఆమె వినదు, ఆ జోలికి పోకండి. మార్చి, ఏప్రిల్ల వచ్చే శ్రమదినాలు (ఈస్టర్ ముందటి ఉపవాస రోజులు), గుడ్ ఫ్రైడే నాడు 12 నుంచి 3 దాంక యేసు శిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన, ఆ ఎండల నీళ్ళు లేకుండ 88 ఏండ్ల ఒళ్ళు తట్టుకోదు. అంబలి, మజ్జిగ, నీళ్ళు తాగి అన్నం ఒక్కటి మానుకుంటె అది ఉపవాసమే అని పాస్టరమ్మతోని చెప్పియ్యండి, మీరు చెప్తే కొడుకు మాట అయితది, ఆమె చెప్తే మనసుకు పడుతది. ఎండకాలం చర్చి బయట చెప్పులు విడిచినప్పుడు షుగర్ ఉన్న కాళ్ళకు బండ కాలేది తెల్వదు, సాయంత్రానికి బొబ్బలు వస్తయి. ఇంటికి రాంగనే అరికాళ్ళు మీరే చూడండి. మిగిలిన రోజులల్ల పప్పు, గుడ్డు, పెరుగు కలిసి తిండి గట్టిగ ఉండాలె, ఒక్క జొన్నరొట్టె, కారం తిని పండుకునుడు కండకు సరిపోదు.

చర్చి ఎందుకు మానిపియ్యొద్దంటున్ననో గూడ చెప్త. అమెరికాల 74,534 మంది మహిళా నర్సులను 16 ఏండ్లు గమనించి 2016ల అచ్చు ఏసిన అధ్యయనం ఉంది, వారానికి ఒకసారి కన్నా ఎక్కువ ప్రార్థనకు పోయేటోళ్ళల్ల చావులు అసలు పోనోళ్ళ కన్నా 33 శాతం తక్కువ. ఒంట్లె బాగున్నోళ్ళే పోతరు గదా అని మీరనొచ్చు, ముందటి ఆరోగ్యాన్ని లెక్కల తీస్కున్నా తేడా నిలబడ్డది. నలుగురి తోడు, దిగులు తక్కువుండుడు, పొగ తాగకపోవుడు అండ్ల కొంత కారణమని వాళ్ళే రాసిండ్రు. అది అక్కడి లెక్క, మీ అమ్మకు ఇన్నే ఏండ్లు వస్తయని చెప్పలేను. కానీ వారానికి రెండుసార్లు తయారై, చీర కట్టుకుని, నడిచి పోయి, పాడి, పేరు పెట్టి పిలిచేటోళ్ళ నడుమ కూసునుడు ఏ గోలీతోని రాదు. ఇప్పుడు ఆమె తినకుండ, మాట్లాడకుండ ఉన్నది చూస్తున్నరు గదా, నాకు పడిపోయినదాని కన్నా అదే ఎక్కువ భయం పెడుతుంది. ముసలితనంల తిండి మానిన మనిషి కొన్ని వారాలల్లనే కండ కోల్పోతది.

కాబట్టి వచ్చే ఆదివారం పొద్దున కడుపు నిండ తినిపించి మీ అన్నగారినే బండి మీద తీస్కపొమ్మనండి, ఆరాధన అయ్యేదాంక పక్కనే ఉండమనండి. బీపీ లెక్కలు, క్రియాటినిన్, సోడియం, ఆ పొట్లంల ఏం గోలీ ఉందో తెలిసినంక మళ్ళ రాయండి, మోకాళ్ళ నొప్పికి ఆమెకు ఏది వాడొచ్చో అప్పుడు చెప్త.